తాళాలు చేతులు మారేటప్పుడు

ఉదయం ఐదూ నలభై.
మంచు కొలిచే కర్ర మీద నూట నలభై రెండు.
గాలి పడమటి నుంచి. చలి సున్నాకి పదకొండు కింద.
చేతితొడుగు తియ్యకుండానే పెన్సిలుతో రాసుకున్నాను,
నా అంకెలు నాకే వంకరగా కనబడ్డాయి.

ఆరింటికల్లా ఇవి కొండ దిగాలి.
త్బిలిసీలో ఎవరో టీ చల్లార్చుకుంటూ
వీటికోసమే కూర్చుని ఉంటారనుకోవడం
నాకిష్టం.

కంప్యూటర్ మీట నొక్కాను.
కీబోర్డు మీద మూడు పచ్చదీపాలు కళ్ళు తెరిచాయి.
కంపెనీ బొమ్మ వచ్చింది.
దీపాలు ఆరిపోయాయి.
ఆ తర్వాత తెర మీద ఖాళీ గడి, అందులో కొట్టుకుంటున్న సన్నగీత:
పాస్‌వర్డ్ ఇవ్వండి.

ఇచ్చాను. చెవిటివాడి ముందు శంఖం.
గడిలో ఒక్క చుక్క పడలేదు.

తీగ పీకాను, పెట్టాను.
వెనక నీలం రంధ్రంలో, ముందు నల్లదాంట్లో.
బోర్లించి తడితే రొట్టెపొడి రాలింది,
ఒక వాల్‌నట్ పొట్టు,
నిరుడు చలికాలం నాతో ఉండి వెళ్ళిపోయిన పిల్లి వెంట్రుక.
పాపం, ఏ నేరమూ చెయ్యనివే అన్నీ.

కుతాయిసీలో మా చెల్లెలి కొడుకు జాబాని నిద్రలేపాను.
"పెద్దమ్మా, మొదట దీపాలు వెలిగాయా?"
"వెలిగాయి."
"అయితే కీబోర్డు చావలేదు."
డాక్టరు కూడా నాతో ఎప్పుడూ అంత సూటిగా మాట్లాడలేదు.

ఆవలిస్తూ చెప్పాడు:
ఆ పెట్టెలో ముందు లేచేవాడు కాపలావాడు.
తలుపులు తీస్తాడు, ఎవరెవరు వచ్చారో లెక్కపెట్టుకుంటాడు.
ఆ తర్వాత తీరిగ్గా యజమాని లేస్తాడు.
తాళాలగుత్తి చేతులు మారేటప్పుడు ఒక క్షణం
ఈయన వదిలేసి ఉంటాడు, ఆయన ఇంకా పట్టుకోడు.
నీ కీబోర్డు ఆ సందులో జారిపడింది.

"గుండ్రటి మూతి ఉన్న పాత కీబోర్డేమైనా ఉందా అక్కడ?
పెట్టె ఆపి గుచ్చు. వెలిగి ఉండగా గుచ్చకు."

ఉంది. పొయ్యి వెనక అటక మీద, బొండోది.
నాకు ముందు పందొమ్మిదేళ్ళు ఈ మంచు లెక్క రాసినవాడు.
రష్యన్ అక్షరాల మీద తన అక్షరాలు
కాగితమ్ముక్కలకు రాసి అంటించుకున్నాడు,
ఒక్కొక్కటీ గోరంత.
పొగకు అంతా గుర్రప్పళ్ళ రంగు తేలింది.

ఊదారంగు రంధ్రంలో గుచ్చి, మళ్ళీ వెలిగించి,
డిలీట్ మీటను వడ్రంగిపిట్టలా పొడిచాను.
కాపలావాడి గది తెరుచుకుంది, నీలంగా.
గోడ మీద గడియారం:
పదమూడేళ్ళ కిందటి జనవరి ఒకటి.

"లోపల నాణెమంత బ్యాటరీ ఉంటుంది, పెద్దమ్మా.
చలికి పోయినట్టుంది. దాంతోపాటే వాడి జ్ఞాపకమూ.
నువ్వు చెప్పినవన్నీ మరిచిపోయాడు."
యూఎస్‌బీ అన్న వరుస దగ్గర 'వద్దు' అని ఉంది.
'కావాలి' అని మార్చాను.
ఎవరికైనా అంత సులువుగా చెప్పించుకోగలిగితే!

మూడు దీపాలు.
బొమ్మ.
మూడు దీపాలు.

పాస్‌వర్డ్ నాకు తెలియదు నిజానికి, నా వేళ్ళకు తెలుసు.
అవి చెప్పుకుంటుంటే నేను కిటికీలోకి చూశాను.

ఆరూ ముప్ఫై ఐదు.
ఆలస్యానికి కారణం ఎంచుకొమ్మంది తెర:
మంచు, గాలి, జబ్బు, కరెంటు.
ఇతరాలు నొక్కాను.
వివరం రాయమంది.

ఎందుకో బొండో కీబోర్డు దగ్గరికి లాక్కున్నాను.
ఎత్తు మీటలు, బావి గిలకలా చప్పుడు.
రెండో మాట దగ్గర ఒక కాగితమ్ముక్క
వేలికి అంటుకుని వచ్చేసింది.
కింద రష్యన్ అక్షరం ఉంటుందనుకున్నాను.
ఎప్పుడో అరిగిపోయింది. నున్నటి తెలుపు.

అయినా నొక్కాను. పడింది.